చిన్న పేరాలతో ఆంగ్ల పఠనావగాహన: సరిహద్దు కుటుంబాలకు ఒక పరిచయం

మందు సీసా మీది చీటీని ఎనిమిదో తరగతి బాలుడు తడబడకుండా చదువుతాడు. ఉచ్చారణ చక్కగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. "మరి ఈ మందు అన్నానికి ముందా, తరువాతా?" అని నాయనమ్మ అడిగితే మాత్రం అతడు మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెడతాడు. నోటితో పలకడానికీ మనసుతో గ్రహించడానికీ నడుమ ఉన్న ఈ దూరాన్ని తగ్గించే అభ్యాసమే పఠనావగాహన. ప్రథమ్ సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ సర్వేలో ఆంగ్లాన్ని పరీక్షించిన సంవత్సరాలలో, వాక్యం చదవగలిగిన పిల్లలను దాని అర్థం తమ భాషలో చెప్పమని విడిగా అడగడానికి కారణం ఇదే. మొదటిది వచ్చినంత మాత్రాన రెండవది వచ్చినట్లు కాదు.

సరిహద్దు గ్రామాలలో ఈ విషయానికి మార్కులకు మించిన ప్రాధాన్యం ఉంది. రాయగడ, గుణుపురం ప్రాంతాలలో కరెంటు బిల్లు ఒడియాలోనో ఆంగ్లంలోనో వస్తుంది. బళ్లారిలో కన్నడంతోనూ, హోసూరులో తమిళంతోనూ, సిరొంచలో మరాఠీతోనూ ఇదే పరిస్థితి. ఇంట్లో పెద్దలకు తెలిసినది తెలుగు లిపి ఒక్కటే అయినప్పుడు, బడికి వెళ్లే బిడ్డే ఆ కుటుంబానికి కళ్లు. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టం మొదటి తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతికి విస్తరించి, 2015-16లో పదో తరగతికి చేరింది. అక్కడి తెలుగు పిల్లలు బడిలో తమిళాన్నీ ఆంగ్లాన్నీ, ఇంట్లో తెలుగునూ మోస్తున్నారు. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు 2023-24 నుంచి కేంద్ర మాధ్యమిక విద్యా మండలి పాఠ్యప్రణాళికకు మారడంతో, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలు చదివిన యానాం పిల్లలకూ ఆంగ్ల పఠనం బరువు పెరిగింది. ఆ మండలి పదో తరగతి ఆంగ్ల పత్రంలో ఇటీవలి సంవత్సరాలలో 80 మార్కులకు 20 మార్కులు అంతకుముందు చూడని గద్యభాగాలకే కేటాయిస్తున్నారు.

నిత్యజీవిత విషయాలే ఎందుకు?

ఈ ఆలోచన మన దేశంలోనే పెరిగినది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాల్ ద్విభాషా పరిస్థితిపై 1926లో వెలువరించిన గ్రంథంలో, భారతీయ బాలునికి ఆంగ్లంలో మాట్లాడటం కంటే చదివి గ్రహించడమే ముందుగా అక్కరకు వస్తుందని వాదించాడు. కొద్దిపాటి పదాలతోనే పాఠాలు రాయాలని చెప్పి, ఆ ప్రకారం వాచకాలు తయారు చేశాడు. తరువాత 1953లో ఆయన ప్రకటించిన సాధారణ పదాల పట్టికలో దాదాపు 2,000 మూలపదాలు ఉన్నాయి. బిల్లు, నోటీసు, చీటీ వంటి వాటిలో కనిపించే ఆంగ్లంలో అధికభాగం ఆ పట్టికలోనిదే కావడం గమనించదగినది.

సరిహద్దు వారికి మరింత దగ్గరి ఉదాహరణ బెంగళూరుది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్.ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు, మద్రాసు మొదలైన చోట్ల కొన్ని పాఠశాలలలో ఒక ప్రయోగం జరిగింది. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించడానికి బదులు రైలు వేళల పట్టిక, ఊరి పటం, తరగతి కాలపట్టిక, డబ్బు లెక్క వంటివి పిల్లల ముందు పెట్టి, వాటి నుంచి సమాధానం తేల్చమన్నారు. ముందు తరగతి అంతటితో కలిసి ఒక సమస్యను పరిష్కరించడం, ఆ వెంటనే అటువంటిదే మరొకటి పిల్లలు ఒంటరిగా చేయడం అక్కడి పద్ధతి. సమాచారాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చే పనికన్నా, ఉన్న సమాచారంతో తర్కించి కొత్త విషయం రాబట్టే పని ఎక్కువ ఫలితమిచ్చిందని ప్రభు అభిప్రాయపడ్డారు. ఆయన పుస్తకం 1987లో వెలువడింది.

ఈ పద్ధతిలో మన ఇళ్లకు పనికివచ్చే రహస్యం మరొకటి ఉంది. పేరా చంద్రుని గురించో ఐరోపా రాజుల గురించో అయితే, ఆంగ్లం రాని తండ్రి బిడ్డకు ఏమీ సాయపడలేడు. అదే యూరియా బస్తా గురించో ఊరి బస్సు గురించో అయితే, భాష బిడ్డకు తెలుసు, విషయం తండ్రికి తెలుసు. బిడ్డ చెప్పిన అర్థం లోకానికి పొసగనప్పుడు ఆయన వెంటనే పట్టుకుంటాడు. చదువు రాని తల్లి కూడా ఈ పాఠానికి పరీక్షాధికారి కాగలదు.

ఒక నమూనా

ఈ క్రింది పేరాను బిడ్డ చేత ఆంగ్ల లిపిలో నోటుపుస్తకంలో రాయించండి. తెలుగు లిపిలో ఇస్తున్నది పెద్దలు వినడానికి మాత్రమే.

"ద ఫస్ట్ బస్ టు ద టౌన్ లీవ్స్ అవర్ విలేజ్ ఎట్ సిక్స్ థర్టీ ఎవ్రీ మార్నింగ్ ఎక్సెప్ట్ సండే. ఆన్ సండేస్ దేర్ ఈజ్ నో బస్ బిఫోర్ నైన్. స్టూడెంట్స్ మస్ట్ షో దేర్ పాసెస్. దోజ్ వితౌట్ ఎ పాస్ విల్ హావ్ టు పే ద ఫుల్ ఫేర్."

మొదట బిడ్డను మౌనంగా చదవనివ్వాలి. బిగ్గరగా చదివేటప్పుడు బుద్ధి ఉచ్చారణ మీదకే పోతుంది. తరువాత ప్రశ్నలు తెలుగులోనే అడగవచ్చు, సమాధానమూ తెలుగులోనే రావచ్చు. ఇంటి భాషలో జవాబు చెప్పడం తప్పు కాదు. అర్థమైందో లేదో తేలేది అక్కడే.

శనివారం మొదటి బస్సు ఎప్పుడు? ఆరున్నరకు. పేరాలో శనివారం అనే మాట లేదు. ఆదివారం తప్ప అన్నారు కాబట్టి శనివారం ఉన్నట్లే. ఆదివారం ఉదయం తొమ్మిదికల్లా పట్నంలోని ఆసుపత్రిలో ఉండాలంటే ఈ బస్సు పనికివస్తుందా? రాదు, ఆ రోజు తొమ్మిదికి ముందు ఊరి నుంచి బస్సే లేదు. ఇక మూడో ప్రశ్న: ఆదివారం బస్సు సరిగ్గా తొమ్మిదికి బయలుదేరుతుందా? పదిమందిలో ఎక్కువమంది పిల్లలు అవునంటారు. పేరా ఆ మాట చెప్పలేదు. తొమ్మిదికి ముందు లేదని మాత్రమే చెప్పింది. బస్సు తొమ్మిదికి రావచ్చు, పదికీ రావచ్చు. "ఇందులో చెప్పలేదు" అనేది కూడా సరైన సమాధానమేనని పిల్లలకు బడిలో అరుదుగా నేర్పుతారు. ఇంట్లో నేర్పవలసినది ముందుగా అదే.

నాలుగో వాక్యంలో చివరి మాట ఫేర్. దానికి ఛార్జీ అని అర్థం. అదే ధ్వనితో న్యాయమైన, తెల్లని అనే అర్థాలిచ్చే వేరే మాట ఉంది, జాతర అర్థమూ దానికే ఉంది. తెలుగు లిపిలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, ఆంగ్లంలో అక్షరాలు వేరు. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలను తెలుగు లిపిలోనే చదివి వదిలేసేవారు ఈ చిక్కులోనే పడతారు.

ప్రతి జవాబు తరువాత పెద్దలు ఒకే మాట అనాలి: "ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు." ఆంగ్లం రాకపోయినా ఈ మాట అనవచ్చు. వేలు ఒక పదం మీద కాక ఊరికే పేరా అంతటా తిరుగుతూ ఉంటే, బిడ్డ ఊహించి చెప్పాడని అర్థం. పరీక్షలలో తరచుగా జరిగే మరొక పొరపాటు కూడా దీనితో బయటపడుతుంది. ప్రశ్నలోని ఒక మాటను పేరాలో వెతికి, అది ఉన్న వాక్యాన్ని మొత్తంగా జవాబుపత్రంలో దించివేయడం చాలామందికి అలవాటు. అదృష్టం బాగుంటే మార్కు వస్తుంది, అవగాహన మాత్రం రాదు.

చిన్న మాటలు, పెద్ద తేడాలు

కఠినపదాలు తెలియకపోవడం కన్నా చిన్నపదాలను దాటవేయడమే ఎక్కువ హాని చేస్తుంది. వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల పెట్టె మీద నాట్ అని ఒకచోట, వితౌట్ అని మరొకచోట ఉంటుంది. వైద్యుని చీటీ లేకుండా చిల్లరగా అమ్మరాదని ఆ వాక్యానికి అర్థం. రెండు నిషేధాలలో ఒకదాన్ని వదిలితే అర్థం తలక్రిందులవుతుంది. పదో తేదీ ముందు బై అని ఉంటే పదో తేదీనాడు అని కాదు, పదో తేదీలోగా అని. అన్‌లెస్ అంటే అలా జరగకపోతే. ఎట్ లీస్ట్ అంటే తక్కువలో తక్కువ, నాట్ మోర్ దేన్ అంటే అంతకు మించకుండా. ఎవ్రీ అదర్ డే అనే మాటను "ప్రతి ఇతర రోజు" అని అనువదించే పిల్లలున్నారు. మన ఇళ్లలో రోజు విడిచి రోజు అంటామే, అదే అది. మాత్ర విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

వాక్యనిర్మాణం మరొక చిక్కు. తెలుగులో క్రియ చివర నిలుస్తుంది, విశేషణం ముందు వస్తుంది. "నిన్న వచ్చిన మనిషి" అంటాం. ఆంగ్లంలో మనిషి ముందు వచ్చి, నిన్న వచ్చిన సంగతి వెనుక వస్తుంది. కన్నడం, తమిళం కూడా తెలుగు దారివే కాబట్టి ఆ మాధ్యమాలలో చదివే పిల్లలకూ ఇదే ఇబ్బంది. పొడవైన వాక్యం కనిపించినప్పుడు ముందు క్రియను పట్టుకుని, ఆ పని ఎవరు చేశారని ప్రశ్నించడం ఒక మంచి ఉపాయం. అద్దె ఒప్పందాలలో ఇటువంటి వాక్యం కనిపిస్తుంది: "ద కాస్ట్ ఆఫ్ రిపెయిర్స్ షల్ బి బోర్న్ బై ద టెనెంట్." మరమ్మతుల ఖర్చు ఎవరిది? అద్దెకున్నవారిది. వాక్యం చివర బై వెనుక ఉన్న మనిషే ఖర్చు మోసేవాడు. బోర్న్ అనేది పుట్టుక కాదు, భరించడం. ఇక్కడా అక్షరాలలో తేడా ఉంది.

తెలుగులోకి వచ్చి స్థిరపడిన ఆంగ్లపదాలు తెలిసినవే కదా అనుకుంటాం. అవే ఎక్కువగా మోసగిస్తాయి. హోటల్ అంటే మనకు భోజనశాల, ఆంగ్లంలో ముఖ్యంగా బస చేసే చోటు. కరెంట్ అంటే విద్యుత్తు మాత్రమే కాదు, ప్రస్తుత అని కూడా. బ్యాంకు కాగితంలో ప్రిన్సిపల్ అంటే బడి పెద్ద కాదు, అప్పు తీసుకున్న అసలు. ఇంట్రెస్ట్ ఆసక్తి కాదు, వడ్డీ. డ్యూ అంటే చెల్లించవలసిన బకాయి, దాని వెనుక టు చేరితే కారణం చేత అని మారిపోతుంది. మైనర్ అన్న మాట కాలువ కింద వ్యవసాయం చేసేవారికి చిన్న పంపిణీ కాలువ, కోర్టు కాగితంలో పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి, ఆసుపత్రి చీటీలో స్వల్పమైనది. ఒక పేరు ముందు లేట్ అని ఉంటే ఆ మనిషి ఆలస్యంగా రాలేదు, కాలం చేశారు. నిఘంటువు ఈ అర్థాలన్నిటినీ వరుసగా ఇస్తుంది, వాటిలో ఏది తీసుకోవాలో పేరాయే చెబుతుంది. అందుకే మొదటి పఠనంలో నిఘంటువు తెరవకుండా, పక్కమాటలను బట్టి ఊహించి, రెండో పఠనంలో సరిచూసుకోవడం మేలు.

ఇంట్లోనే ఉన్న పాఠాలు

విరేచనాలైనప్పుడు కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొట్లం ఒక చక్కని పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన 20.5 గ్రాముల పొట్లాన్ని ఒక లీటరు నీటిలో కలపాలి. 200 మిల్లీలీటర్ల నీటికి సరిపోయే చిన్న పొట్లాలూ ఉన్నాయి. ఏ పొట్లం ఎంత నీటికో దాని మీదే రాసి ఉంటుంది. కలిపిన నీటిని 24 గంటల తరువాత పారబోయాలి. లీటరు పొట్లాన్ని గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు ఎక్కువై, పసిబిడ్డకు మేలుకు బదులు కీడు జరుగుతుంది. "మన గిన్నెతో ఎన్ని గిన్నెలు పోయాలి?" అని అడగండి. అది పేరాలో లేని ప్రశ్న, కానీ పేరా లేకుండా జవాబు చెప్పలేని ప్రశ్న.

యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అని ఉంటుంది. 2018 నుంచి బస్తా 50 కిలోలకు బదులు 45 కిలోలకు తగ్గింది. బస్తాలో నత్రజని ఎంత? 20.7 కిలోలు. పాత బస్తాలో 23. సలహాపత్రంలో ఎకరానికి ఇన్ని కిలోల నత్రజని అని రాసి, అంగట్లో బస్తాల లెక్కన అమ్మినప్పుడు ఈ తేడా తెలిసిన బిడ్డ ఇంటికి నిజంగా ఉపయోగపడతాడు.

పురుగుమందు డబ్బాల మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని క్రింది సగం ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే తీవ్రమైన విషం, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే స్వల్పం. పై సగంలో మాట కూడా మారుతుంది: ఎరుపు, పసుపు వాటికి పాయిజన్, నీలానికి డేంజర్, ఆకుపచ్చకు కాషన్. పుర్రె గుర్తు ఎరుపుదానికే. ఆకుపచ్చ రంగు చూసి ప్రమాదం లేనిదనుకోవడం పొరపాటు, కాషన్ అంటే జాగ్రత్త వహించమని. డబ్బాతోపాటు ఇచ్చే కరపత్రం హిందీ, ఆంగ్లం, ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు భాషలలో ఉండాలని నిబంధన. ఆ ఒకటి రెండింటిలో తెలుగు ఉంటుందన్న హామీ సరిహద్దు అవతల మనకు లేదు. పిల్లల అభ్యాసానికి కరపత్రాన్ని మాత్రమే ఇవ్వాలి, ఖాళీ డబ్బాను ఎంత కడిగినా ఇంట్లోకి తీసుకురాకూడదు.

రైలు టికెట్టుకు ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. రైల్వే వారిది 24 గంటల లెక్క. 14వ తేదీ 00:10 అని ఉంటే 13వ తేదీ రాత్రి భోజనం చేసి స్టేషనుకు బయలుదేరాలి. 14వ తేదీ రాత్రి పెట్టెలు సర్దుకుని వెళ్లి, రైలు వెళ్లిపోయి ఒక రోజయిందని తెలుసుకున్న కుటుంబాలు ఉన్నాయి. తినుబండారాల పొట్లం మీది బెస్ట్ బిఫోర్, మందుల మీది ఎక్స్‌పైరీ కూడా ఒకటి కావు. మొదటిది ఆ లోపల రుచి, నాణ్యత బాగుంటాయని చెప్పేది, రెండవది ఆ తరువాత వాడకూడదని చెప్పేది.

కథలు కావాలనుకునేవారికి ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో ఉచితంగా చదువుకునే పుస్తకాలు నాలుగు స్థాయిలలో ఉన్నాయి. ఒకే కథ తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఆంగ్లం వంటి పలు భాషలలో దొరకడం మన ప్రాంతాలకు ప్రత్యేకమైన సౌకర్యం. ముందు ఆంగ్లంలో చదివి, తరువాత తెలుగు ప్రతితో పోల్చుకోవడం మంచిది. వరుస తిరగబడితే బిడ్డ ఆంగ్లం చదవడు, గుర్తున్న కథ చెబుతాడు.

పేరా పొడవు మొదట 40, 50 మాటలు, అలవాటైన తరువాత 100 నుంచి 120 మాటలు ఉంటే చాలు. రోజుకొక పేరా, పావుగంట. ఒకటి రెండు మాటలు తెలియకపోతే ఫరవాలేదు. వాక్యానికి రెండేసి చొప్పున తెలియకపోతే ఆ పేరా ఇంకా తొందరపాటే, పక్కన పెట్టండి. చదివిన పేరాలో ప్రశ్నలు బిడ్డే తయారు చేసి పెద్దలను అడగడం కూడా బాగా పనిచేస్తుంది, ప్రశ్న వేయడానికి జవాబు తెలిసి ఉండాలి కదా.

అభ్యాసానికి మరొక పేరా:

"ద వాటర్ ట్యాంక్ విల్ బి క్లీన్డ్ ఆన్ ట్యూస్‌డే. దేర్ విల్ బి నో సప్లై ఫ్రమ్ ఎయిట్ ఎ.ఎం. అంటిల్ ద వర్క్ ఈజ్ ఓవర్. ఎ హౌస్ దట్ కెనాట్ స్టోర్ వాటర్ మే టేక్ టూ పాట్స్ ఫ్రమ్ ద స్కూల్ వెల్, బట్ నాట్ వైల్ క్లాసెస్ ఆర్ గోయింగ్ ఆన్."

ప్రశ్నలు: నీళ్లు మళ్లీ ఎన్నింటికి వస్తాయి? మంగళవారం ఉదయం ఏడింటికి కొళాయిలో నీళ్లు ఉంటాయా? ఒక ఇంట్లో ఆరుగురుంటే ఎన్ని బిందెలు తెచ్చుకోవచ్చు? పాఠాలు జరుగుతున్న పదకొండు గంటలవేళ బావికి వెళ్లవచ్చా? ట్యాంకును ఎవరు శుభ్రం చేస్తారు?

జవాబులు: వేళ చెప్పలేదు, పని పూర్తయ్యాక వస్తాయి. ఏడింటికి సరఫరా ఆపుతున్నట్లు పేరాలో లేదు, ఎనిమిది నుంచే ఆపుతారు. ఆరుగురున్నా ఇంటికి రెండే బిందెలు, అదీ నీళ్లు నిల్వ చేసుకోలేని ఇల్లయితేనే. పదకొండింటికి వెళ్లకూడదు. ఎవరు శుభ్రం చేస్తారో పేరాలో లేదు, పంచాయతీ వారని చెప్పిన బిడ్డ ఊరిని చూసి చెప్పినట్లే కానీ పేరాను చూసి కాదు.